రోజు లెక్కన ఫ్లాట్ అద్దెకు ఇచ్చే ముందు: బెజవాడ ఏజెంటుగా నేను పాటించే పద్ధతి

దసరాకు ఇంకా నెల ఉందనగానే నా ఫోను ఆగకుండా మోగుతుంది. "ఫ్లాట్ ఖాళీగా పడి ఉంది కదా, ఉత్సవాలు అయ్యేదాకా రోజు లెక్కన ఇచ్చేద్దామా?" అని యజమానులు అడుగుతారు. కొందరు హైదరాబాద్ నుంచి చేస్తారు, కొందరు డాలస్ నుంచి. మొగల్రాజపురంలో పందొమ్మిదేళ్లుగా ఇళ్ల ఏజెంటుగా ఉన్నాను. అమ్మకాలు, నెలవారీ అద్దెలు నా అసలు పని. ఇప్పుడు రోజువారీ అద్దెకు పదకొండు ఫ్లాట్లు చూస్తున్నాను. ఈ పని ఎలా చేయాలో యజమానులకూ, నాతోటి ఏజెంట్లకూ విడమరిచి చెప్పాలని ఇది రాస్తున్నాను.

బెజవాడకు వచ్చేవాళ్లు దసరా భక్తులు ఒక్కరే కారు. డిసెంబరులో భవానీ దీక్షల విరమణకు వస్తారు, ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లకు వస్తారు. సూర్యారావుపేట ఆస్పత్రుల్లో ఆపరేషన్ చేయించుకున్న మనిషిని వారం తర్వాత మళ్లీ చూపించాలంటే, ఆ వారం తలదాచుకోవడానికి వంటగది ఉన్న చోటు కావాలి. నేలపాడులో హైకోర్టు వాయిదాకు వచ్చేవాళ్లు, పెళ్లివారు, మంగళగిరి ఎయిమ్స్‌లో మనవరాలిని చేర్పించడానికి వచ్చిన తాతలు. వీళ్లందరికీ ఇల్లు అవసరం. కాబట్టి ఈ పని తప్పు కాదు. జవాబుదారీ లేకుండా చేయడమే తప్పు.

ముందు ఒక లెక్క చూడండి. మా పేటలో రెండు పడకగదుల ఫ్లాట్ ఒకటి నెలకు 18 వేల అద్దెకు పోతుంది. అదే ఫ్లాట్‌ను రోజుకు 2,500 చొప్పున ఇస్తే, మామూలు నెలలో నాకు పన్నెండు రాత్రులు నిండుతాయి. 30 వేలు చేతికి వచ్చినట్లు కనిపిస్తుంది. అందులో నా కమీషన్ 15 శాతం, అంటే 4,500. ఏడుసార్లు మనుషులు మారితే శుభ్రం చేసే అమ్మాయికి 400 చొప్పున 2,800. కరెంటు 2,700. దుప్పట్ల ఉతుకు, గ్యాస్, వైఫై కలిపి 2,000. మిగిలింది 18 వేలు. దసరా నెలలో ఇంతకంటే బాగుంటుంది, ఆషాఢంలో ఇంత కూడా రాదు. ఈ లెక్క చూపించాక కూడా "సరే, చేద్దాం" అన్న యజమానితోనే నేను ముందుకు వెళతాను.

2022 మూలా నక్షత్రం రాత్రి

ఆ ఏడాది డాలస్‌లో ఉన్న ఒక యజమాని ఫ్లాట్ తాళాలు నా దగ్గర ఉండేవి. మూడు నెలలకు ఒక కుటుంబం కావాలంటోందని తోటి ఏజెంటు ఒకతను అడిగితే తాళాలు ఇచ్చాను. అతను ఇంకొకతనికి ఇచ్చాడు. ఆ ఇంకొకతను దాన్ని ఫోన్ యాప్‌లో రోజువారీ అద్దెకు పెట్టాడు. ఇదంతా నాకు తెలిసింది దసరాల్లో భక్తులు ఎక్కువగా వచ్చే మూలా నక్షత్రం రోజు, తెల్లవారుజామున రెండు గంటలకు.

మూడో అంతస్తులో డెబ్భై తొమ్మిదేళ్ల మామ్మగారు ఉంటారు. మంచం పట్టిన భర్తను ఆమె ఒక్కరే చూసుకుంటున్నారు. అర్ధరాత్రి ఎవరో తలుపు బాదారు. ఫ్లాట్ నంబరు పొరబడి వచ్చిన యాత్రికులు. అసోసియేషన్ నోటీసు బోర్డు మీద ఏజెంటుగా నా నంబరు ఉంది కాబట్టి ఆమె నాకు ఫోను చేశారు. వెళ్లి చూస్తే నడవాలో పద్నాలుగు జతల చెప్పులు. మెట్ల కమ్మీ మీద తడి ఎర్ర బట్టలు ఆరేసి ఉన్నాయి. ట్యాంకులో నీళ్లు అయిపోయాయి. లిఫ్ట్ మొదటి, రెండో అంతస్తుల మధ్య ఆగిపోయింది. వచ్చినవాళ్లు మంచివాళ్లు, శ్రీకాకుళం వైపు నుంచి అమ్మవారి దర్శనానికి బయలుదేరిన మూడు కుటుంబాలు. ఆరు వేలు కట్టారు, "ఇల్లు మొత్తం మీదే" అని ఎవరో ఫోనులో చెప్పారు. ఆ ఫోను ఇప్పుడు పలకడం లేదు. నేను తాళాలు ఇచ్చిన ఏజెంటు ఫోను కూడా పలకలేదు.

మామ్మగారు ఇనుప తలుపు ఊచ పట్టుకుని నిలబడి అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "వాళ్లను ఏమీ అనకు నాయనా. పాపం, ఎవరిని అడగాలో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు."

తాళాలు చేతులు మారింది నా దగ్గర నుంచే. ఆ రాత్రి నుంచి నేను పెట్టుకున్న పద్ధతులన్నీ ఆ ఒక్క ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవడానికే: ఈ రాత్రి ఈ ఇంటికి బాధ్యులు ఎవరు?

రెరా ఉంది కదా అనుకుంటే పొరపాటు

చాలామంది యజమానులు "మీకు రెరా నంబరు ఉంది కదండీ, ఇక భయమేముంది" అంటారు. రెరా అని మనం పిలిచే 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ఏజెంటు అని ఎవరిని అంటుందో చదవండి. ఇల్లు, స్థలం అమ్మకంలో మధ్యవర్తిగా ఉండేవారిని అంటుంది. 9వ సెక్షన్ కింద మేం నమోదు చేసుకోవాలి. 10వ సెక్షన్ ప్రకారం నమోదు కాని ప్రాజెక్టులో అమ్మకం చేయించకూడదు, లెక్కల పుస్తకాలు ఉంచాలి, అబద్ధపు మాటలు చెప్పి కొనిపించకూడదు. మీరితే 62వ సెక్షన్ కింద రోజుకు పది వేల జరిమానా, అది ఆస్తి విలువలో అయిదు శాతం దాకా పెరగవచ్చు. ఇవన్నీ అమ్మకం గురించే. అద్దె ఇప్పించి కమీషన్ తీసుకున్న ఏజెంటు మీద ఈ చట్టం చేయి పడదు. రోజువారీ అద్దెలో ఏజెంటు బాధ్యత ఏమిటో ఈ చట్టంలో దొరకదు, యజమానీ ఏజెంటూ కూర్చుని కాగితం మీద రాసుకోవాలి.

ఒక్క చోట మాత్రం రెరా ఈ వ్యవహారాన్ని తాకుతుంది. కొత్త ఫ్లాట్లు అమ్మేటప్పుడు "2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి, రోజువారీ అద్దెకు ఇస్తే ఈఎంఐ దానంతట అదే కట్టుకుంటుంది" అని చెప్పే ఏజెంట్లను నేను చూశాను. ఆ అపార్ట్‌మెంట్‌లో రోజువారీ అద్దెకు అనుమతి ఉంటుందో లేదో తెలియకుండా ఆ మాట చెప్పడం అమ్మకం కోసం అబద్ధం చెప్పడమే. తోటి ఏజెంట్లను వేడుకుంటున్నాను, దయచేసి ఆ మాట అనకండి. పదిహేనేళ్ల అప్పు నెత్తికెత్తుకునేది కొన్నవాళ్లు.

గోవాలో పర్యాటకులకు బస ఇచ్చేవాళ్లు నమోదు చేసుకోవాలని 1982లోనే చట్టం చేశారు. న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబరు నుంచి, ముప్పై రోజులకు తక్కువగా ఇచ్చే ఇల్లు నమోదై ఉండాలని, ఇచ్చిన మనిషి అదే ఇంట్లో ఉండాలని నిబంధన అమలు చేస్తోంది. నమోదు లేని ఇంటికి యాప్ డబ్బు తీసుకోవడానికి వీల్లేదు. పుష్కరాల లోపు మన దగ్గర కూడా ఇలాంటి నమోదు వస్తే నేను మొదటి వరుసలో నిలబడతాను. వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేం కదా.

ఇంకొక సంగతి. నెలవారీ అద్దెకు రాసుకునే పదకొండు నెలల అగ్రిమెంటు ఇక్కడ వాడకండి. రెండు రాత్రులు ఉండి వెళ్లే అతిథి అద్దెదారు కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 52వ సెక్షన్ చెప్పే లైసెన్సు, అంటే ఉండడానికి ఇచ్చే అనుమతి మాత్రమే అతనికి ఉంటుంది. ఇంటి మీద హక్కు ఏదీ బదిలీ కాదు. అతిథితో సంతకం చేయించే ఒక పేజీ కాగితంలో ఈ మాటతో పాటు ఇవి కూడా స్పష్టంగా ఉండాలి: ఏ తేదీ ఎన్ని గంటలకు వస్తారు, ఎన్ని గంటలకు ఖాళీ చేస్తారు, ఎంతమంది ఉంటారు.

అసోసియేషన్ కాగితం లేకుండా అడుగు వేయకండి

యజమాని ఫోను చేయగానే నేను ఫ్లాట్ చూడటానికి వెళ్లను. అసోసియేషన్ కార్యదర్శి ఇంటికి వెళతాను. మన రాష్ట్రంలో 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఉంది, దాని కింద ప్రతి అసోసియేషన్‌కూ బైలాలు, అంటే సొంత నియమాలు ఉంటాయి. "నివాసానికి మాత్రమే" అన్న వాక్యం వాటిలో ఉందో లేదో ముందు చూస్తాను. ఉంటే యజమానికి అక్కడే చెప్పేస్తాను, ఈ ఇల్లు నెలవారీ అద్దెకు ఇద్దామని. లేకపోతే సమావేశంలో పెట్టించి, తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాయించి, ఆ పేజీ నకలు తీసుకుంటాను. అధ్యక్షుడు లిఫ్ట్‌లో "కానీయండి" అన్న మాట అనుమతి కాదు.

ఆ సమావేశానికి నేనే వెళతాను. యజమాని ఊళ్లో ఉంటే ఆయన్నీ రమ్మంటాను. పక్క ఫ్లాట్లవాళ్ల భయాలు నిజమైనవి. ఆడపిల్లలున్న ఇళ్లు, ముసలివాళ్లున్న ఇళ్లు, నీళ్ల ట్యాంకు, పార్కింగు. వాళ్లు అడిగినవి షరతులుగా రాయిస్తాను. ఒక అపార్ట్‌మెంట్‌లో రాత్రి పది తర్వాత కొత్తగా ఎవరినీ లోపలికి తీసుకురాకూడదన్నారు. ఒప్పుకున్నాను. రైలు ఆలస్యమై పదకొండుకు దిగే అతిథికి ముందే చెప్పి వేరే ఫ్లాట్ చూపిస్తాను. ఇంకోచోట నెలకు అయిదు వందలు ఎక్కువ నిర్వహణ ఖర్చు అడిగారు. నలుగురు ఎక్కువ వాడితే మోటారు ఎక్కువ తిరుగుతుంది, న్యాయమే.

సొంత ఇంట్లో ఉంటూ ఒకటి రెండు గదులు ఇచ్చేవాళ్లకు దారి సులువు. కేంద్ర పర్యాటక శాఖ హోంస్టే పథకం ఉంది. ఒకటి నుంచి ఆరు గదుల దాకా నమోదు చేసుకోవచ్చు, గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులు ఇస్తారు. యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండి తీరాలన్నది షరతు. భవానీపురంలో ఒక రిటైరైన టీచరు దంపతులకు ఈ దారే చూపించాను. వాళ్లకు నాలాంటి ఏజెంటు అవసరం లేదు, ఆ మాటే వాళ్లకు చెప్పాను.

కార్పొరేషన్, కరెంటు, పన్ను

ఇక్కడ కాగితాలు దాచి నెగ్గుకురావచ్చని ఆశపడకండి. నగరపాలక సంస్థలో ఇంటి పన్ను నివాసానికి ఒక రేటు, వ్యాపారానికి ఇంకొక రేటు. కరెంటు మీటరు కూడా అంతే, గృహ వినియోగం వేరు, వాణిజ్యం వేరు. యజమాని చేత రెండు చోట్లా లిఖితపూర్వకంగా దరఖాస్తు పెట్టించి, ట్రేడ్ లైసెన్సు సంగతి కూడా అప్పుడే అడిగిస్తాను. వచ్చిన జవాబు ఫైలులో పెడతాను.

జీఎస్టీ గురించి భయాలు ఎక్కువ, తెలిసింది తక్కువ. కుటుంబం కాపురం ఉండటానికి ఇచ్చే అద్దెకు ఉన్న మినహాయింపు రోజువారీ బసకు వర్తించదు. రోజుకు 7,500 దాకా ఉన్న గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం పన్ను. యజమాని ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటకపోతే నమోదు అక్కర్లేదు. అయితే ఆ యజమాని యాప్ ద్వారా ఇస్తే, ఆ బస మీద పన్ను కట్టాల్సింది యాప్ నడిపే సంస్థే. 20 లక్షల లెక్కలో ఈ ఫ్లాట్ ఒక్కటే కాదు, యజమానికి ఉన్న ఇతర వ్యాపారం కూడా కలుస్తుంది. ఆదాయపు పన్నుకు ఆడిటర్‌ను అడగండి, నన్ను కాదు.

యజమానికీ ఏజెంటుకూ మధ్య కాగితం

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఎక్కువ మంది రాసుకోనిదీ ఇదే. నెలవారీ అద్దెలో మన పని తాళం చెవి ఇచ్చి కమీషన్ తీసుకోవడంతో అయిపోతుంది. రోజువారీ అద్దెలో అక్కడే మొదలవుతుంది.

నా కాగితంలో మొదటి వాక్యం: "ఈ ఫ్లాట్ తాళాలు మూడు. ఒకటి యజమాని దగ్గర, ఒకటి ఏజెంటు దగ్గర, ఒకటి అతిథికి. వీటిని ఏజెంటు మరే ఏజెంటుకూ ఇవ్వకూడదు." మూలా నక్షత్రం రాత్రి నేర్పిన వాక్యం అది. తర్వాత రాత్రి పూట పలికే ఫోను నంబరు. నాదొకటి, నేను ఊళ్లో లేకపోతే మా తమ్ముడిది. ఆ రెండు నంబర్లూ లిఫ్ట్ పక్కన గోడకు, పక్క ఫ్లాట్ల వాళ్ల ఫోన్లలో, ఫ్లాట్ తలుపు వెనుక ఉంటాయి. ఫోను చేసిన ఇరవై నిమిషాల్లో మనిషి అక్కడ ఉండాలి. అందుకే బెంజి సర్కిల్‌కు రెండు మూడు కిలోమీటర్లు దాటిన ఫ్లాట్లు నేను తీసుకోను.

కమీషన్ ఎంత, దేని మీద, ఎప్పుడు అన్నది అంకెల్లో రాయాలి. అతిథి దగ్గర విడిగా ఒక్క రూపాయి కూడా తీసుకోనని కూడా రాస్తాను. రెండు వైపులా పుచ్చుకునే ఏజెంటుకు గొడవ వస్తే ఎవరి పక్షాన నిలబడాలో తెలియదు. అడ్వాన్సు డబ్బు అతిథి వెళ్లే రోజే, ఇల్లు చూసిన వెంటనే అతని ఎదుటే తిరిగి పంపాలి. నెల లెక్క అయిదో తేదీలోపు యజమానికి చేరాలి, రసీదులతో సహా.

ఒక మాట మీద మాత్రం నేను వెనక్కు తగ్గను. రెండు పడకగదులకు ఆరుగురు, చిన్నపిల్లలతో కలిపి. దసరా అయినా, యజమాని తమ్ముడి పెళ్లి అయినా ఆరుగురే. ఏడో మనిషి వస్తే అతిథిని ఆపే అధికారం ఏజెంటుదేనని, యజమాని అడ్డు చెప్పకూడదని రాయించుకుంటాను. దీని మీద ఇద్దరు యజమానులు నన్ను మానుకున్నారు.

రిజిస్టరు

కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు, నేను మాత్రం లాంగ్ నోటుబుక్కు వాడతాను. ఒక్కో ఫ్లాట్‌కు ఒక్కో పుస్తకం. అతిథి పేరు, ఊరు, ఫోను, వచ్చిన గంట, వెళ్లిన గంట, ఉన్న ప్రతి మనిషి పేరూ వయసూ, బండి నంబరు, కరెంటు మీటరు అంకె. చివరి గడిలో అతిథి సంతకం. గుర్తింపు కార్డు కళ్లతో చూస్తాను. ఆధార్ అయితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇమ్మంటాను. వాళ్ల కార్డుల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పే ఏజెంట్లున్నారు. అది మన ఆడపిల్ల కార్డు అయితే ఊరుకుంటామా?

పోలీసు స్టేషన్‌కు వెళ్లడానికి మొహమాటపడకండి. ఫ్లాట్ మొదలుపెట్టే ముందే చిరునామా, బాధ్యుల నంబరు రాసి ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకుంటాను. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు వస్తే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో సమాచారం ఇవ్వాలి, ఫారం-సి అని మనం పిలిచేది అదే. అమెరికాలో పుట్టిన మన తెలుగు పిల్లలు కూడా చట్టం దృష్టిలో విదేశీయులే. "మా అక్క కొడుకే కదా" అనుకుని ఇక్కడే చాలామంది జారిపోతారు.

పెళ్లికాని జంటలకు ఇవ్వవచ్చా అని ప్రతి యజమానీ గొంతు తగ్గించి అడుగుతాడు. ఇద్దరూ మేజర్లయి, గుర్తింపు కార్డులు చూపిస్తే అది నేరం కాదు. కోయంబత్తూరులో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌కు సీలు వేసిన కేసులో 2019లో మద్రాసు హైకోర్టు ఈ మాటే చెప్పింది. కులం, మతం అడిగి ఇల్లు నిరాకరించమనే యజమాని ఫ్లాట్ నేను తీసుకోను.

ఈ పుస్తకం విలువ నాకు 2024 సెప్టెంబరు 1న తెలిసింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిపోయింది. అక్కడ నా చేతిలో ఒక్క ఫ్లాట్ ఉండేది, దూరమైనా ఒక స్నేహితుడి కోసం ఒప్పుకున్నది. అందులో రాజమండ్రి నుంచి ఆస్పత్రి పని మీద వచ్చిన అయిదుగురు ఉన్నారు. మధ్యాహ్నానికి వాళ్ల ఫోన్లలో చార్జింగు అయిపోయింది. పుస్తకం తీసి చూస్తే అన్నీ ఉన్నాయి: రెండో అంతస్తు, అయిదుగురు, అందులో ఒకామె వయసు 71, మూడు రోజుల క్రితం కంటి ఆపరేషన్ అయింది. ఆ కాగితం ఫొటో తీసి సహాయక బృందం వాళ్లకు పంపించాను, పడవ దిగేచోటికి వెళ్లి మళ్లీ నోటితో చెప్పాను. మర్నాడు ఉదయం వాళ్లు ఒడ్డుకు చేరారు. ఆమె కంటికి కట్టు తడవకుండా తల మీద స్టీలు పళ్లెం పట్టుకుని వచ్చింది మనవడు. నేను పుస్తకం తెరిచి వెళ్లిన గంట రాశాను, ఆ పిల్లవాడి చేత సంతకం పెట్టించాను.

అప్పటి నుంచి ప్రతి ఫ్లాట్‌లో చార్జి చేసిన ఎమర్జెన్సీ లైటు, మంటలార్పే సిలిండరు, గ్యాస్ ఎక్కడ కట్టాలో చూపే కాగితం ఉంచుతున్నాను. అతిథి రాగానే మెట్లు ఎటు ఉన్నాయో నేనే నడిపించి చూపిస్తాను. అయిదు నిమిషాల పని.

ఎప్పుడు ఆపాలి

ఒకే ఫ్లాట్ మీద ఆరు నెలల్లో మూడు ఫిర్యాదులు వస్తే రోజువారీ అద్దె ఆపేస్తానని అసోసియేషన్‌కు ముందే రాసి ఇస్తాను. ఫిర్యాదు నిజమా కాదా అని వాదించడానికి కూర్చోను. అక్కడ రోజూ ఉండేది వాళ్లు.

మామ్మగారి అపార్ట్‌మెంట్‌లోని ఆ డాలస్ ఫ్లాట్‌ను నేను మళ్లీ రోజువారీ అద్దెకు పెట్టలేదు. యజమాని రెండు దసరాలకు అడిగాడు. "అన్నా, అంతా పద్ధతిగా చేస్తున్నావు కదా, ఇప్పుడేం ఇబ్బంది?" అన్నాడు. పై అంతస్తులో మంచం పట్టిన మనిషి ఉన్నంతకాలం అక్కడ వద్దన్నాను. 17 వేలకు ఒక నర్సు కుటుంబాన్ని పెట్టాను. నోటీసు బోర్డు మీద నా నంబరు అలాగే ఉంచమన్నాను. నీళ్ల మోటారు ఆగినా మామ్మగారు నాకే ఫోను చేస్తారు.